కరెంటు తీగ కింద వెలుగు తీగ

మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి నాగపూర్ వైపు పోతుంది. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు పోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెంటినీ అడ్డంగా కోసుకుంటూ సాగుతుంది. ఒకప్పుడు ద్రాక్ష తోటలకూ కోళ్ల ఫారాలకూ పేరుబడ్డ ఈ ప్రాంతంలో ఇప్పుడు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్‌లోని బిట్స్ క్యాంపస్, అంతాయిపల్లి కలెక్టరేట్, లెక్కకు మించిన వెంచర్లు కనిపిస్తాయి. టీకా తయారీ సంస్థైనా, కొత్తగా గృహప్రవేశం చేసిన డూప్లెక్స్ ఇంటివారైనా కరెంటు, నీళ్ల తర్వాత అడిగేది ఒక్కటే: నెట్ ఎప్పుడొస్తుంది?

ఆ నెట్‌ను మోసుకొచ్చే ఆప్టికల్ ఫైబర్‌ను భూమిలో వేయడం మంచిదేనని అందరూ ఒప్పుకుంటారు. చిక్కల్లా భూమితోనే. హైదరాబాద్ చుట్టూ ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైన మూరెడు మట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. టెలికాం శాఖ ప్రమాణం ప్రకారం ఫైబర్ కందకం 165 సెంటీమీటర్ల లోతు ఉండాలి. అంత లోతుకు వెళ్లాలంటే చాలాచోట్ల బ్రేకర్ పెట్టి రాయి పగలగొట్టాలి. పైగా రోడ్డు కోతకు అనుమతి తీసుకోవాలి, కోసిన రోడ్డును మళ్లీ పూడ్చాలి. అదే దారిలో 50, 60 మీటర్లకొకటి చొప్పున కరెంటు స్తంభాలు ముందే నిలబడి ఉన్నాయి. తన బరువును తానే మోసుకుంటూ స్తంభం నుంచి స్తంభానికి సాగే ఏడీఎస్ఎస్ కేబుల్‌కు గిరాకీ పుట్టించింది ఈ స్తంభాల వరసే.

ఈ దారిని భారీ ఎత్తున పరీక్షించింది ఆంధ్రప్రదేశ్. 2015లో ఏర్పాటైన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ సబ్‌స్టేషన్లను కేంద్రాలుగా, కరెంటు స్తంభాలను దారిగా చేసుకుని దాదాపు 24 వేల కిలోమీటర్ల మేర 24 పోగుల కేబుల్‌ను గాలిలో లాగింది. తొలి దశకు రూ.333 కోట్లు కేటాయించారు. ఇదే పని భూగర్భంలో చేస్తే వేల కోట్లు కావాలన్నది అప్పటి ప్రభుత్వ వాదన. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని ప్రారంభించారు. నెలకు రూ.149కి ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్న నినాదం ఆ రోజుల్లో ఊరూరా వినిపించింది. తెలంగాణ వేరే దారి పట్టింది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం ఎలాగూ కందకాలు తవ్వుతున్నారు కాబట్టి, టీ-ఫైబర్ వాటిలోనే డక్టులు వేయించుకుంది. తవ్వకం ఖర్చును ఒకరు తప్పించుకున్నారు, మరొకరు పంచుకున్నారు. అయితే కందకంలోని ఫైబర్ ఊరి దాకా వచ్చినా, అక్కడి నుంచి కాలనీకి, కాలనీ నుంచి ఇంటికి వెళ్లేసరికి మళ్లీ స్తంభమే దిక్కవుతోంది.

లోపల ఏముంది?

ఏడీఎస్ఎస్ కేబుల్‌ను అడ్డంగా కోసి చూస్తే నట్టనడుమ గాజునార, రెసిన్ కలిపి చేసిన ఎఫ్‌ఆర్‌పీ కడ్డీ ఉంటుంది. దాని చుట్టూ మెలితిరిగిన సన్నని గొట్టాలు, వాటిలో నీటిని అడ్డుకునే జెల్, ఆ జెల్‌లో వదులుగా తేలే ఫైబర్ పోగులు. ఒక్కో పోగు గాజు వ్యాసం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే నడిగర్భం 9 మైక్రాన్లే. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అంటూ ప్రతి పోగుకూ ఒక రంగు ఉంటుంది. జాయింట్ దగ్గర మనిషి పోల్చుకునేది ఆ రంగుతోనే.

గొట్టాల చుట్టూ పసుపు పచ్చని నార ఉంటుంది. అదే అరామిడ్. 1965లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న కెవ్లార్ ఈ జాతిదే. బరువుకు బరువు తూస్తే ఉక్కు కంటే ఐదు రెట్లు బలం. తూటాలు తగలని చొక్కాల్లో వాడేదీ ఇదే. కేబుల్‌ను లాగే బలమంతా ఈ నార మీద పడుతుంది, గాజు పోగుల మీద పడదు. అన్నిటి పైనా నల్లని పాలిథిలిన్ తొడుగు. ఆ నలుపు అందం కోసం కాదు. అందులో కలిపిన కార్బన్ పొడి ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. అరామిడ్‌కు ఎండ పడదు. తొడుగు పగిలి నార బయటపడితే దాని బలం క్రమంగా క్షీణిస్తుంది.

ఎక్కడా లోహమన్నది లేకపోవడం ఈ కేబుల్ ప్రత్యేకత. వేడికి ఇది ప్రవర్తించే తీరు కూడా వేరు. పైనున్న అల్యూమినియం తీగ మే నెల మధ్యాహ్నం వేడెక్కి సాగుతుంది. 60 మీటర్ల దూరంలో తీగ పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగినా చాలు, మధ్యలో కిందికి వేలాడే లోతు పదుల సెంటీమీటర్లు పెరుగుతుంది. అరామిడ్ మాత్రం వేడికి పొడవునా కాస్త ముడుచుకుంటుంది. కాబట్టి కింది ఫైబర్ దాదాపు ఉన్నచోటనే ఉంటే, పై కరెంటు తీగే దాని మీదికి దిగి వస్తుంది. చలికాలం ఉదయాన కొలిచి సరిపెట్టుకున్న ఎడం ఎండాకాలం నాటికి తగ్గిపోతుంది. కొలత తీసుకోవాల్సింది, లెక్క కట్టాల్సింది కరెంటు తీగ బాగా వేడెక్కినప్పటి స్థితికి.

దూరం, బరువు, గాలి

బట్టలు ఆరేసే దండెం ఎంత బిగించినా మధ్యలో కాస్త జారుతుంది. మరీ బిగిస్తే మేకు ఊడుతుంది. కేబుల్ లెక్క కూడా అంతే, కాకపోతే దాన్ని సూత్రంగా రాయవచ్చు. మీటరు బరువును స్తంభాల మధ్య దూరం వర్గంతో హెచ్చవేసి, బిగువుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వేలాడే లోతు వస్తుంది. దీన్నే ఇంజనీర్లు సాగ్ అంటారు.

కిలోమీటరుకు 100 కిలోల బరువున్న కేబుల్‌ను 60 మీటర్ల దూరంలో కట్టి, సాగ్ ఒక శాతం, అంటే 60 సెంటీమీటర్లు ఉంచాలంటే 75 కిలోల బిగువు చాలు. మధ్యలో ఒక స్తంభం లేక దూరం 120 మీటర్లయితే అదే బిగువు మీద సాగ్ 2.4 మీటర్లకు చేరుతుంది. దాన్ని మళ్లీ 60 సెంటీమీటర్లకు తేవాలంటే 300 కిలోలతో లాగాలి. దూరం రెట్టింపైతే భారం నాలుగింతలు. అందుకే కేబుల్ కొనడానికి ముందు తేల్చుకోవాల్సింది పోగుల సంఖ్య కాదు, ఆ దారిలో అతి పొడవైన స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య దూరం. కాలనీ వీధుల్లో 60 మీటర్లకు సరిపోయే కేబుల్ చెరువు అలుగునో, రైలు పట్టాలనో, ఔటర్ సర్వీసు రోడ్డునో దాటేచోట సరిపోకపోవచ్చు.

ఇక గాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 హైదరాబాద్‌కు నిర్ణయించిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. విశాఖపట్నానికి అది 50 మీటర్లు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే కేబుల్ మీద విశాఖలో పడే ఒత్తిడి దాదాపు 30 శాతం ఎక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ స్తంభాలను కూల్చిన నగరం అది. శీతల దేశాల్లో కేబుల్ మీద పేరుకునే మంచు బరువును కూడా లెక్కలో కలుపుతారు. మేడ్చల్‌కు ఆ బెడద లేదు. అందుకని విదేశీ కేటలాగులో భారీ మంచుకు రూపొందించిన ఖరీదైన రకం ఇక్కడ అనవసరం.

గాలి సంగతి అలా కాదు. వేసవిలో వడగళ్ల వానకు ముందు వీచే ఈదురుగాలి గంటకు 72 కిలోమీటర్లు అందుకుందనుకుంటే, 11 మిల్లీమీటర్ల మందమున్న కేబుల్‌ను అది మీటరుకు పావు కిలోకు పైగా బలంతో పక్కకు నెడుతుంది. కేబుల్ సొంత బరువు మీటరుకు 100 గ్రాములే. అంటే మామూలు ఈదురుగాలికే బరువు కంటే గాలి భారం రెండున్నర రెట్లు దాటుతుంది. 158 కిలోమీటర్ల గాలికి అది దాదాపు 13 రెట్లవుతుంది.

ఈ భారం చివరకు పడేది స్తంభం మీద. మన విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) విరివిగా వాడే 8 మీటర్ల సిమెంటు స్తంభం 140 కిలోల పక్కబలానికి రూపొందింది, 9.1 మీటర్లది 280 కిలోలకు. ఒక్క కేబుల్ 72 కిలోమీటర్ల గాలికి స్తంభాన్ని 16 కిలోలతో నెడుతుంది. నాలుగైదు సంస్థల కేబుళ్లు, ఎప్పుడో సేవ ఆగిపోయినా తీసేయని పాత తీగలు, వాటికి చుట్టిన లూపులు కలిస్తే కరెంటు తీగల కోసం నిలబెట్టిన స్తంభానికి లెక్కలో లేని బరువు ఎక్కినట్టే. వరస మధ్యలోని స్తంభానికి రెండు వైపుల బిగువులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మూల మీది స్తంభానికి, చివరి స్తంభానికి ఆ వెసులుబాటు లేదు. చివరి స్తంభాన్ని 75 కిలోలు ఒకే వైపు లాగుతాయి. ఈ రెండు చోట్లా స్టే వైరు తప్పనిసరి.

లోహం ఉందా, లేదా?

2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్ గోకుల్‌నగర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ సోకి ఐదుగురు మరణించారు. కరెంటు తీగలకు ఆనుకుని వేలాడే కేబుల్ తీగల మీదికి అందరి దృష్టీ మళ్లింది. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాల మీది కేబుళ్ల తొలగింపును ముమ్మరం చేసింది. కోసిన చోటల్లా ఇంటర్నెట్ ఆగింది. వివాదం హైకోర్టుకు చేరింది.

ఈ వాదోపవాదాల్లో కేబుల్ అన్న మాట కింద చాలా రకాలు కలగలిసిపోయాయి. పాత టీవీ కేబుల్ నడుమ లోహపు తీగ, చుట్టూ లోహపు జాలి ఉంటాయి. ఫిగర్-8 అనే ఫైబర్ కేబుల్ కూడా తన బరువు తానే మోస్తుంది, కానీ ఆ పని చేసేది దానికి అంటుకుని ఉన్న ఉక్కు తీగ. స్తంభం నుంచి ఇంటికి లాగే చదునైన డ్రాప్ వైర్లలోనూ చౌక రకాల్లో సన్నని ఉక్కు తీగ ఉంటుంది. తొడుగు ఒరుసుకుపోయి ఆ ఉక్కు 11 కేవీ తీగకు తగిలితే, రెండో కొసన ఉన్న ఇంటి బాల్కనీ దాకా విద్యుత్ నడుస్తుంది. ఏడీఎస్ఎస్‌లో అలా నడవడానికి దారే లేదు. డ్రాప్ వైర్లలోనూ ఉక్కుకు బదులు ఎఫ్‌ఆర్‌పీ కడ్డీ ఉన్నవి మార్కెట్లో దొరుకుతాయి. ధరలో తేడా స్వల్పం. ప్రధాన వరసలో మేలైన ఏడీఎస్ఎస్ వేసి, చివరి 40 మీటర్లకు ఉక్కు డ్రాప్ వాడితే ముందు చేసిన జాగ్రత్త వృథా.

లోహం లేదు కదా అని అది పూర్తిగా నిరపాయమనుకోవడమూ తప్పే. దుమ్ము పట్టి వానకు తడిసిన తొడుగు పైపైన విద్యుత్ కొద్దిగా పాకుతుంది. 11 కేవీ కింద అది పెద్ద సమస్య కాదు. కానీ 132, 220 కేవీ టవర్ల మీద కట్టే ఏడీఎస్ఎస్‌కు ఇదే యమగండం. ఆ లైన్ల చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం తడి తొడుగు మీద చిన్న ప్రవాహాన్ని పుట్టిస్తుంది. తడి అక్కడక్కడ ఆరి, ఆరిన చోట సన్నని మెరుపు లేస్తుంది. అది రోజుల తరబడి తొడుగును కాలుస్తుంది. అందుకే అలాంటి చోట్లకు యాంటీ ట్రాకింగ్ తొడుగున్న కేబుల్ ఎంచుకుంటారు. మామూలు పాలిథిలిన్ తొడుగును 12 కేవీ క్షేత్ర విభవం దాకా, యాంటీ ట్రాకింగ్ రకాన్ని 25 కేవీ దాకా వాడటం పరిశ్రమలో పరిపాటి. ఇక్కడ చెప్పే 12, 25 లైను వోల్టేజీ కాదు, కేబుల్ వేలాడే బిందువు దగ్గరి విభవం. ఈ రెంటినీ పొరబడితే 11 కేవీ వీధికి అనవసరంగా ఖరీదైన తొడుగు కొనడమో, 220 కేవీ టవరుకు పనికిరాని తొడుగు కట్టడమో జరుగుతుంది.

కొనేముందు

తయారీదారు ఇచ్చే పత్రంలో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి కేబుల్ తెగే బలం, ఆర్‌టీఎస్. రెండోది గాలి తాకిడితో సహా అనుమతించే గరిష్ఠ బిగువు, మ్యాట్. ఇది సాధారణంగా తెగే బలంలో 40 శాతం. రోజువారీ బిగువు 25 శాతం దాటనివ్వరు. ఈ జాగ్రత్త గాజు స్వభావం వల్ల. తయారీలో ఫైబర్‌ను ఒక శాతం సాగదీసి పరీక్షిస్తారు. కానీ అందులో ఐదో వంతుకు మించిన సాగుదల ఏళ్ల తరబడి నిలిచిపోతే, తేమ సోకి కంటికి కనిపించని పగుళ్లు పెరుగుతాయి. అతిగా బిగించిన కేబుల్ ఆ రోజు తెగదు. ఏ ఐదారేళ్లకో, బిల్లులు చెల్లించి అందరూ మరిచిపోయాక తెగుతుంది.

పోగుల సంఖ్యలో మాత్రం పిసినారితనం పనికిరాదు. 12కు బదులు 24 పోగులు తీసుకుంటే కేబుల్ ధర రెట్టింపు కాదు. లాగే కూలి, బిగించే సామాను, స్తంభాల అనుమతి ఎటూ ఒకటే. ప్రధాన వరసకు జీ.652డీ రకం ఫైబర్ సరిపోతుంది. 1550 నానోమీటర్ల వెలుగు ఇందులో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ చొప్పున మాత్రమే తగ్గుతుంది. ఇళ్లలో మూలలు తిరిగే డ్రాప్‌కు వంపును తట్టుకునే జీ.657 మేలు. తోటలు, చెట్లు ఎక్కువున్న దారుల్లో ఉడుతల బెడద ఉంటుంది. వారణాసి ఘాట్లలో కోతులు ఫైబర్‌ను కొరికేస్తున్నాయన్న వార్త 2015లో ప్రపంచమంతా చదివింది. అలాంటి చోట్లకు గాజునార పొర అదనంగా ఉన్న రకాలు దొరుకుతాయి. అవి కాస్త బరువు, కాబట్టి సాగ్ లెక్క మళ్లీ కట్టుకోవాలి.

స్తంభమెక్కాక

పని సర్వేతో మొదలవుతుంది. ప్రతి స్తంభం మధ్య దూరం, ఎత్తు, ఒరిగిందా, పగిలిందా, ట్రాన్స్‌ఫార్మర్ ఉందా అన్నది నడుస్తూ రాసుకోవాలి. 8 మీటర్ల స్తంభం మీటరున్నర భూమిలో పోగా పైన మిగిలేది ఆరున్నర మీటర్లు. పైభాగం కరెంటు తీగలది. వాటికి తగినంత కిందా, లారీలకూ వినాయక విగ్రహాలకూ అందనంత పైనా ఉండే కొద్దిపాటి జాగాలో ఫైబర్‌ను ఇరికించాలి. స్తంభం డిస్కందే కాబట్టి దాని అనుమతి కావాలి. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన టెలికాం రైట్ ఆఫ్ వే నియమాలు దరఖాస్తు దారిని సులువు చేశాయి, అనుమతి అక్కర్లేదని చెప్పలేదు. పని రోజున సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని, లైను నిజంగా ఆగిందని పరీక్షించి, ఎర్త్ చేసి గాని ఎవరూ స్తంభం ఎక్కకూడదు. ఇన్వర్టర్, జనరేటర్ ఉన్న ఇళ్ల నుంచి ఎదురు కరెంటు రావచ్చన్నది ప్రతి లైన్‌మ్యాన్‌కూ తెలిసిన సంగతే.

కేబుల్‌ను రోడ్డు మీద ఈడ్చరాదు. డ్రమ్మును జాకీల మీద నిలబెట్టి, స్తంభానికో కప్పీ కట్టి, వాటి మీదుగా లాగాలి. లాగే తాడుకూ కేబుల్‌కూ మధ్య స్వివెల్ ఉండాలి, లేకపోతే తాడు మెలి కేబుల్‌కు ఎక్కుతుంది. లాగేటప్పుడు వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి 20 రెట్లు, కట్టేశాక 10 రెట్లు తగ్గకూడదు. 11 మిల్లీమీటర్ల కేబుల్‌కు అవి 22, 11 సెంటీమీటర్లు.

బిగించే చోటే అసలు నైపుణ్యం. మొదట, చివర, మూలల్లో, రోడ్డుకు ఇరువైపులా డెడ్ ఎండ్ గ్రిప్పులు కావాలి. స్ప్రింగులా మెలితిరిగిన ఈ కడ్డీలు కేబుల్‌ను పొడవునా చుట్టుకుని, బలాన్ని ఒకే చోట పడనీయకుండా పంచుతాయి. తిన్నని వరసలో సస్పెన్షన్ క్లాంపులు చాలు. పొడవైన స్పాన్లలో గాలికి కేబుల్ సన్నగా వణకకుండా స్పైరల్ డ్యాంపర్లు తొడుగుతారు. వీటి బదులు బైండింగ్ వైరుతో కట్టేస్తే కొన్ని వందల రూపాయలు మిగులుతాయి. ఆ తీగ తొడుగును కోసి, గాజును నొక్కి, సిగ్నల్‌ను రోజురోజుకూ తినేస్తుంది.

జాయింట్ దగ్గర రెండు వైపులా చాలినంత లూప్ ఉండాలి. జాయింట్ బాక్సును నేల మీదికి దించి, వ్యానులోనో టేబుల్ మీదో కూర్చుని అతికేంత పొడవు అది. స్ప్లైసింగ్ యంత్రం సరిగా అతికితే నష్టం 0.1 డెసిబెల్ లోపే. ఆఖరున ఓటీడీఆర్ అనే పరీక్ష పరికరంతో రెండు కొసల నుంచీ 1310, 1550 నానోమీటర్ల దగ్గర కొలవాలి. ఒకే బిందువులో 1310 దగ్గర మామూలుగా ఉండి 1550 దగ్గర నష్టం పెరిగితే అక్కడ వంపు ఎక్కువైందని అర్థం. రెండింటా నష్టం ఉంటే అతుకును అనుమానించాలి. ఈ రీడింగులను, ఏ స్తంభం దగ్గర కేబుల్ మీటరు అంకె ఎంతో రాసిన చిట్టాను దాచిపెడితే, రేపు గాలివానకు చెట్టు విరిగి కేబుల్ తెగినప్పుడు మనుషులు నేరుగా ఆ స్తంభం దగ్గరికే వెళ్తారు.

జీనోమ్ వ్యాలీలోని ప్రయోగశాలలాగా ఒక్క గంట అంతరాయాన్ని కూడా భరించలేని చోట గాలి కేబుల్ ఒక్కటే నమ్మదగింది కాదు. భూగర్భ మార్గం ఒకటి, వేరే రోడ్డు మీదుగా వచ్చే గాలి మార్గం ఒకటి ఉండాలి. ఇళ్లకు, దుకాణాలకు, పాఠశాలలకు మాత్రం సరిగా ఎంచుకుని సరిగా కట్టిన ఏడీఎస్ఎస్ ఈ బండనేల మీద చౌకైన, త్వరగా పూర్తయ్యే మార్గం. తెగినా కొన్ని గంటల్లో అతికించవచ్చు.

మేడ్చల్, శామీర్‌పేటల్లోని కాలనీ సంఘాలు నెట్ సంస్థకు వీధి అప్పగించే ముందు నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి: స్తంభాలకు డిస్కం అనుమతి ఉందా? ఇంటి డ్రాప్‌తో సహా మొత్తం కేబుల్‌లో ఎక్కడైనా లోహం ఉందా? రోడ్డు దాటేచోట ఎత్తెంత? కనెక్షన్ రద్దయితే తీగ ఎవరు తీస్తారు? ఈలోగా ఎక్కడైనా తీగ తెగి వేలాడుతూ కనిపిస్తే, అది ఫైబరో కరెంటుదో తేల్చుకునే పని పెట్టుకోకుండా, ముట్టుకోకుండా, పిల్లలను దూరంగా ఉంచి 1912కు ఫోన్ చేయండి.